పోయిందన్న మాట

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి, కాలేజీ లైబ్రరీలో కిటికీ పక్క కంప్యూటర్ దగ్గర, పిచ్చుక ఆ కామెంట్ చదివింది. అందులో మూడు వాక్యాలున్నాయి. రాసినవాళ్ళ పేరు లేదు.

"ముడుల గురించి మీరు రాసింది చదివాను. ఒక తప్పు ఉంది, సరిచేయండి. మీ అమ్మకి ముడులు వేయడం రాదు, విప్పడం వచ్చు."

ఇప్పటిదాకా జరిగింది తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పిచ్చుక డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాన్న లిఫ్ట్ మెకానిక్. ఇంట్లో మూడో మనిషి అత్త, నాన్నకి అక్క. బట్టల షాపు వెనకగదిలో ఆల్టరేషన్లు చేస్తుంది. పిచ్చుక అన్నది బడి రిజిస్టరులో పేరు కాదు. కనబడ్డ ప్రతిదాన్నీ ముక్కుతో పొడిచి చూడందే వదలదని నాన్న అలా పిలిచాడు, అదే నిలిచిపోయింది. పోయిన నెల ఆమె ఒక బ్లాగు మొదలుపెట్టింది. పేరు 'అన్నీ కొంచెం కొంచెం'. శుక్రవారం అందులో తన పరిచయం రాసింది. సోమవారం లెక్చరర్ దాన్ని క్లాసులో చదివి వినిపించాడు. ఆ సాయంత్రం ఫోన్‌లో కొత్త కామెంట్ వచ్చిన గుర్తు కనబడింది. తెరిచేలోగా ఫోన్ ఆరిపోయింది. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

ఆ పరిచయం ఇది.

"ఇది నా బ్లాగు. దేని గురించి అని అడిగితే చెప్పలేను. ఏదో ఒకదాని గురించి రాస్తేనే చదివేవాళ్ళు దొరుకుతారని నా స్నేహితురాలు అంది. ఒకదాని దగ్గర ఆగడం నాకు చేతకాదు.

నాకు చీమలు ఇష్టం. వంటింటి గోడ మీద అవి వెళ్ళే దారికి అడ్డంగా వేలు పెట్టి, ఎంతసేపటికి కొత్త దారి వేసుకుంటాయో చూస్తుంటాను. షాపుల బోర్డుల మీద అక్షరాలు ఇష్టం. మా వీధి చివర మందుల షాపువాడికి బోర్డు మీద జాగా చాలక చివరి అక్షరం పక్క షాపు గోడ మీద రాయించాడు. పక్కది చెప్పుల షాపు. ఇప్పుడు ఆ అక్షరం మీద ఇద్దరికీ గొడవ. పటాల్లో సముద్రం మధ్యన ఉండే దీవుల పేర్లు ఇష్టం. చదరంగం ఇష్టం, ఎప్పుడూ ఓడిపోతాను. మెరుపు కనబడితే ఉరుము వచ్చేదాకా అంకెలు లెక్కపెడతాను.

లిఫ్టులు ఇష్టం. మా నాన్న లిఫ్ట్ మెకానిక్. తాడు తెగినా లిఫ్ట్ కింద పడదని, పట్టాలను పట్టుకునే బ్రేకు వేరే ఉంటుందని నాకు అక్షరాలు రాకముందే తెలుసు. లిఫ్ట్ ఎక్కాలంటే భయపడేవాళ్ళుంటే నాకు రాయండి, వివరంగా చెప్తాను.

ముడులు ఇష్టం. పడవవాళ్ళు వేసేవి, తాపీవాళ్ళు వేసేవి, ఆపరేషన్లో డాక్టర్లు వేసేవి, చాలా రకాలు నేర్చుకున్నాను. ఇది నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిందనుకుంటా. ఆమె చేతిలో ఎప్పుడూ దారం ముడులుండేవని మా అత్త ఒకసారి చెప్పింది. అమ్మ నా నాలుగో ఏట చనిపోయింది.

ఇక్కడ అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. ఏదీ పూర్తిగా ఉండదు. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను."

దీని కింద అప్పటికి కామెంట్లు కొన్ని ఉన్నాయి. క్లాసువాళ్ళు సూపర్ అని రాశారు. ఒకడు, "నాకు లిఫ్ట్ అంటే చచ్చేంత భయం. మా ఇంటికి లిఫ్ట్ లేదు. ఇప్పుడేం చేయమంటారు?" అని రాశాడు. ఆఖరున ఈ మూడు వాక్యాలు.

పిచ్చుక పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చింది. వచ్చి కూర్చున్న అమ్మాయిని క్లాసంతా ఒత్తు అంటుంది. ఎవరి కాగితం మీదైనా ఒత్తు తప్పిపోతే అక్కడ వేలు పెట్టి నిలబడుతుంది, రాసినవాళ్ళు దిద్దేదాకా వేలు తీయదు.

"ఎవరే ఈవిడ? మీ చుట్టాలా?"

"పేరు లేదు. ఆవిడో, ఆయనో."

"ఆవిడే. ముడులు విప్పడం గురించి మగవాళ్ళు కామెంట్ రాయరు." ఒత్తు వేలు తెర మీదికి వెళ్ళింది. "నిన్నేమో 'మీరు' అంది. మీ అమ్మ దగ్గరికొచ్చేసరికి 'గారు' మింగేసింది చూడు. మర్యాద సగమే నేర్చుకున్నట్టుంది."

"అత్తకి తెలిసినావిడ ఎవరో అయ్యుంటుంది. అమ్మతో కలిసి పనిచేసిందేమో."

"అయ్యుంటుంది." వేలు ముందుకి జరిగి ఆగింది. "ఒసేయ్, 'రాదు' అందేంటే?"

"ఏం? రాదు అంటే రాదు."

"పోయినవాళ్ళకి 'రాదు' అంటామా? మా తాతయ్యకి ఈత రాదు అని ఇప్పుడు ఎవరైనా అంటారా? వచ్చేది కాదు అంటాం. 'రాదు' అంటే..."

"అంటే?" అంది పిచ్చుక.

"అంటే ఏముంది, తప్పు రాసుంటుంది. ఊళ్ళో అందరికీ వ్యాకరణం ఎక్కడొస్తుంది? నీకే సరిగా రాదు."

"'వచ్చు' అని కూడా రాసింది."

ఒత్తు ఆ లైన్ మళ్ళీ చదివింది.

"విప్పడం వచ్చేది అని రాయలేదు. వచ్చు అని రాసింది. ఒక లైన్లో ఒకే తప్పు రెండుసార్లు రాస్తారా?"

ఒత్తు వేలు తెర మీద నుంచి తీసేసింది. వాక్యం దిద్దకుండా ఆమె వేలు తీయడం పిచ్చుక చూడడం అదే మొదటిసారి.

పిచ్చుక పరిచయాన్ని దిద్దే పేజీ తెరిచింది. 'చనిపోయింది' అన్న మాటని చెరిపింది. దాని చోట రాయడానికి ఇంకో మాట దొరకలేదు. చెరిపిన మాటని మళ్ళీ టైప్ చేసి, సేవ్ చేయకుండా పేజీ మూసేసింది. ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: అమ్మ బతికుందా, లేదా. అది తెలిస్తే మాట దానంతటదే వస్తుంది.

"క్లాసుకి రావా?" అంది ఒత్తు.

"నాన్న దగ్గరికి వెళ్తున్నా."

"అటెండెన్సు?"

"నా బదులు నువ్వు పలుకు. గొంతు మార్చి పలుకు."

"నీ గొంతు నాకెలా వస్తుందే? నీది అరిచి అరిచి బొంగురుపోయిన పాల ప్యాకెట్లవాడి గొంతు," అంది గానీ నవ్వలేదు. మెట్లదాకా వచ్చింది.

*

ఆ వారం నాన్న ఒక ఆరంతస్తుల ఆఫీసు భవనంలో పనిచేస్తున్నాడు. కింద లిఫ్ట్ తలుపుకి అడ్డంగా బల్ల పెట్టి దాని మీద అట్ట నిలబెట్టారు: 'పని జరుగుతోంది. మెట్లు వాడండి.' సెక్యూరిటీ మనిషి పిచ్చుకని గుర్తుపట్టాడు.

"పైనున్నారమ్మా మీ నాన్నగారు. మెట్లెక్కాలి. మెకానిక్ కూతురైనా మెట్లే."

"ఎప్పుడవుతుందట?"

"అడిగాను. అయినప్పుడు చెప్తానన్నారు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పరు కదా ఆయన."

నాన్న మాటతో జాగ్రత్తగా ఉంటాడు. రిపేరు చేశాక లిఫ్ట్ బాగైందా అని అడిగితే 'నడుస్తోంది' అంటాడు. వర్షం వస్తుందా అంటే 'మబ్బు పట్టింది' అంటాడు. ఇంట్లో దీని మీద అత్త జోకులేస్తుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే 'చూశాను' అన్నాడట.

మెషిన్ రూమ్ డాబా మీద ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల మోటారు, దాని పక్కన చక్రం, చక్రం మీంచి నాలుగు ఉక్కు తాళ్ళు నేలలో రంధ్రాల్లోకి దిగుతున్నాయి. కరెంటు స్విచ్ ఆపి దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంటుంది. పని అయ్యేదాకా అది ఎవరికీ ఇవ్వడు. ఆయన తాడు చుట్టూ గుడ్డ పట్టుకుని నెమ్మదిగా కిందికి జరుపుతున్నాడు. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది.

"కాలేజీ లేదా?" అన్నాడు, తలెత్తకుండా.

"ఉంది."

"మరి?"

"నాన్నా, అమ్మ ఎలా చనిపోయింది?"

గుడ్డ ఆగింది. తీగ తెగిందేమో అని ఆయన వేలితో తడిమాడు. తెగలేదు.

"ఇప్పుడెందుకది?"

"జబ్బు చేసిందా?"

"జబ్బు చేసిందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వూ అనలేదు, అత్తా అనలేదు. నేనూ అడగలేదు. చీమ గోడెక్కితే ఎందుకెక్కిందని అడుగుతాను. అమ్మ సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు. అందుకే అడుగుతున్నా."

ఆయన గుడ్డని మడిచి మోటారు మీద పెట్టాడు.

"చిన్నప్పుడు అడిగేదానివి," అన్నాడు.

"అడిగితే ఏం చెప్పావు?"

"పోయింది అని చెప్పాను."

"అంటే?"

"అంటే పోయింది."

"చనిపోయింది అని కదా?"

పక్క భవనం డాబా మీద ఎవరో ట్యాంకు కడుగుతున్నారు. నీళ్ళు పైపులోంచి కిందికి వెళ్తున్న చప్పుడు వినబడింది.

"చనిపోయింది అని నేనెప్పుడైనా అన్నానా?" అన్నాడు. "గుర్తు తెచ్చుకో. ఒక్కసారి అన్నానా?"

పిచ్చుక గుర్తు తెచ్చుకుంది. బడి ఫారంలో తల్లి పేరు దగ్గర నాన్న ఖాళీ వదిలేయడం గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళు అయ్యో పాపం అన్నప్పుడు నాన్న తలొంచుకోవడం గుర్తొచ్చింది. 'పోయింది కదా' అని అత్త అనడం గుర్తొచ్చింది. 'చనిపోయింది' అన్న మాట ఎవరి నోటి నుంచీ గుర్తు రాలేదు. ఆ మాట ఎప్పుడూ తన నోటి నుంచే వచ్చింది.

"కరెంటు పోతే వస్తుంది నాన్నా," అంది. ఆమె గొంతు పైకి లేచింది. "బస్సు పోతే ఇంకోటి వస్తుంది. మనిషి పోయింది అంటే ఎవరైనా ఏమనుకుంటారు? నాలుగేళ్ళ పిల్ల ఏమనుకుంటుంది?"

"నువ్వే అనుకున్నావు."

"నువ్వు అనుకోనిచ్చావు."

ఆయన దానికి కాదనలేదు. పనిముట్ల పెట్టె దగ్గరికి జరిపి దాని మీద కూర్చున్నాడు. కూతుర్ని కూర్చోమని అనలేదు, ఆ గదిలో ఇంకో చోటు లేదు.

"బడిలో చేర్చిన రోజు," అన్నాడు. "టీచరమ్మ అడిగింది, మీ అమ్మేదమ్మా అని. నువ్వు చచ్చిపోయింది అన్నావు. నేను గుమ్మం బయట చెప్పులేసుకుంటున్నాను. ఆ మాట నీకెక్కడ దొరికిందో నాకిప్పటికీ తెలీదు. ఆవిడ నిన్ను ఎత్తుకుంది. లోపలికెళ్ళి అలా కాదని చెప్దామనుకున్నాను."

"మరి?"

"చెప్తే నువ్వేం అడుగుతావు?"

పిచ్చుక తలుపు చట్రానికి ఆనుకుంది.

"ఎందుకు పోయింది అని అడుగుతావు. ఎప్పుడొస్తుంది అని అడుగుతావు. పొద్దున లేచి అడుగుతావు, పడుకునేముందు అడుగుతావు. నువ్వు అడగడం మొదలుపెడితే ఆగే రకమా? పోయినవాళ్ళు ఎప్పుడొస్తారని మాత్రం ఎవరూ అడగరు. నువ్వూ అడగడం మానేశావు. ఆ రోజు నుంచి మానేశావు."

"అందుకని చంపేశావు."

"నేను చంపలేదు. దిద్దలేదు. అంతే."

"ఎక్కడికి పోయింది?"

ఆయన చెప్పాడు. ఎక్కడా ఆపకుండా, ఫోన్‌లో కంప్లైంట్ రాయించేవాడిలా చెప్పాడు. అమ్మ నూలు మిల్లులో పనిచేసేది. చిక్కుపడ్డ నూలు విప్పే గదిలో. మెషిన్ మీద చిక్కుపడ్డ నూలుని కత్తిరించి పారేస్తే నష్టమని, దాన్ని విప్పడానికి ఆడవాళ్ళని పెట్టుకునేవాళ్ళు. ఆ గదిలో అందరికంటే అమ్మ చేయి వేగం. మిల్లు మూతపడింది. అదే యజమాని రాత్రంతా రైల్లో వెళ్తే వచ్చే ఇంకో ఊళ్ళో మిల్లు తెరిచి, రాగలిగినవాళ్ళని రమ్మన్నాడు. అమ్మ వెళ్దామంది.

"నేను రానన్నాను. ఇక్కడ లిఫ్టులన్నీ నా చేతిమీద పెట్టినవి. అక్క ఇక్కడుంది. ఆమె వెళ్ళి తీరతానంది. ఇంట్లో కూర్చుంటే చేతులు పడిపోతాయంది. అయితే పిల్ల నాతోనే ఉంటుందన్నాను."

"సరే అందా?"

"అనలేదు. కానీ వెళ్ళింది. నెలకోసారి వచ్చి చూసి వెళ్తానంది. ఒకసారి వచ్చింది. తిరిగి బయల్దేరేటప్పుడు నువ్వు గడప పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆమే విప్పింది. తర్వాత రెండు రోజులు నువ్వు అన్నం ముట్టుకోలేదు, జ్వరం వచ్చింది. నేను ఆమెకి కబురు పెట్టాను, ఇక రావద్దని."

"నువ్వు పెట్టావు."

"నేనే పెట్టాను."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. రావడం మానేసింది."

గడప సంగతి పిచ్చుకకి గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తన చేతుల వంక చూసుకుంది. ఏమీ రాలేదు.

"బతికుందా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. నేను ఎవరినీ అడగలేదు. నాకెవరూ చెప్పలేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదా?"

"అడిగితే జవాబు వస్తుంది," అన్నాడు నాన్న. "జవాబొస్తే ఏదో ఒకటి చేయాలి."

పిచ్చుక ఫోన్ తెరిచి, బ్లాగులో తన పరిచయం కింద వచ్చిన కామెంట్ చూపించింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర పెదాలు ఆగాయి. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు గ్రీజు అంటుతుందని అంచులు పట్టుకుని ఇచ్చాడు.

"ముడుల సంగతి నీకెవరు చెప్పారు?"

"అత్త."

"అక్క ముడులు వేసేదనా చెప్పింది?"

"చేతిలో ఎప్పుడూ దారం ముడులుండేవి అంది. వేసేదని నేననుకున్నా."

"నువ్వు అనుకుంటావు," అన్నాడు. ఈసారి దానిలో తప్పు పట్టడం లేదు. "ఈ రాతల సంగతి ఎవరెవరికి తెలుసు?"

"క్లాసుకి. నీకు. శనివారం అత్త పప్పు కడుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను."

"విని ఏమంది?"

పిచ్చుక ఆలోచించింది. "ఆ పేరు మళ్ళీ చెప్పు అంది. 'అన్నీ కొంచెం కొంచెం' అని చెప్పాను. ఇంగ్లీషులో ఎలా కొడితే వస్తుంది అని అడిగింది. కాగితం మీద రాసిచ్చాను."

"ఆమెకి కంప్యూటర్ తెలుసా?"

"తెలీదు."

నాన్న లేచాడు. లేచి మళ్ళీ గుడ్డ తీసుకుని తాడు దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా!"

"నాలుగో అంతస్తులో చక్రాల కుర్చీ మనిషి ఉన్నాడు. పొద్దున ఆపేముందు పైకి పంపించాను. సాయంత్రం ఆయన దిగాలి. దీన్ని ఇలా వదిలేసి రాలేను. నువ్వు మెట్ల మీద కూర్చో. అయ్యాక ఇద్దరం వెళ్దాం."

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి."

ఆమె మెట్ల మీద కూర్చుంది. ఒత్తు ఫోన్ చేసింది. గొంతు మార్చి పలికానని, లెక్చరర్ తలెత్తి 'నీకు జలుబా' అని అడిగాడని చెప్పింది. ఏమైందే అని అడిగింది. పిచ్చుక తర్వాత చెప్తానంది. మధ్యాహ్నం సెక్యూరిటీ మనిషి రెండు టీలు పైకి తెచ్చిచ్చాడు. నాన్న తనది తాగలేదు, అది చల్లారిపోయింది. నాలుగు తాళ్ళూ చూశాడు. స్విచ్ తాళం తీశాడు. ఖాళీ లిఫ్ట్‌ని పైకీ కిందికీ నడిపాడు. చక్రాల కుర్చీ మనిషిని ఎక్కించి కిందికి దిగాక, అయిపోయిందా అని సెక్యూరిటీ మనిషి అడిగితే, "నడుస్తోంది" అన్నాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. దిగేముందు నాన్న ఒక్కమాట అడిగాడు.

"పరిచయంలో నా గురించి ఏం రాశావు?"

"లిఫ్ట్ మెకానిక్ అని."

"అంతేనా?"

"అంతే."

ఆయన తలూపాడు.

*

బట్టల షాపు వెనకగది పొడుగ్గా ఉంటుంది. ఒక చివర కుట్టుమెషిన్, ఇంకో చివర అద్దం. మధ్యలో కొక్కేలకి కొలతల చీటీలు గుచ్చిన ప్యాంట్లు, కోట్లు వేలాడుతుంటాయి. అత్త నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, బొమ్మకి తొడిగిన గౌను అంచు మడుస్తోంది. నోట్లో గుండుసూదులున్నాయి. సూదులు నోట్లో ఉన్నప్పుడు ఆమె పెదాల సందులోంచి మాట్లాడుతుంది. అలవాటైనవాళ్ళకి అర్థమవుతుంది.

"తండ్రీకూతుళ్ళు కలిసొచ్చారేంటి?" అంది. "షాపు కొనేస్తారా ఏంటి?"

ఎవరూ నవ్వకపోవడం చూసి తలెత్తింది.

"అత్తా," అంది పిచ్చుక, "నేను రాసిచ్చిన బ్లాగు అడ్రసు ఎవరికిచ్చావు?"

అత్త నోట్లోంచి ఒక సూది తీసింది. మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండులో గుచ్చింది. ఇంకోటి తీసింది. గుచ్చింది. ఎప్పుడూ అరచేతిలోకి ఒక్కసారే ఉమ్మేస్తుంది. ఆ రోజు ఒక్కొక్కటే తీసింది.

"ఎవరికిస్తాను?" అంది ఆఖరి సూది గుచ్చాక. "ఈ గదిలో నాకెవరున్నారు? కుట్టుమెషిన్‌కివ్వనా, ఈ బొమ్మకివ్వనా?"

"అత్తా."

"పోనీ పారేశాననుకో."

"పారేసిన అడ్రసుకి అమ్మకి ముడులు రావని రాశారు," అంది పిచ్చుక. ఫోన్ తీసి ఆ మూడు వాక్యాలు చదివి వినిపించింది. "రాదు అని ఉంది అత్తా. వచ్చేది కాదు అని లేదు."

అత్త మోకాళ్ళ మీద నుంచి లేవబోయింది. కాళ్ళు పట్టేశాయి. నాన్న చేయి అందించాడు. ఆమె చేయి పట్టుకోకుండా అద్దం చట్రం పట్టుకుని లేచింది.

"చెప్పేశావా దానికి?" అని తమ్ముణ్ణి అడిగింది.

"చెప్పాను."

"మొత్తం?"

"నాకు తెలిసింది."

"రావద్దని కబురు పెట్టిన సంగతి కూడా?"

"చెప్పాను అక్కా."

అత్త కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో దారపు పోగులున్నాయి, వాటిని ఏరి పక్కన పెట్టింది.

"నాకున్నది ఒక్క తమ్ముడు," అంది పిచ్చుకతో. "ముందోడు లేడు, వెనకోడు లేడు. వాడొక మాటంటే దాన్ని దాటి నేనెప్పుడూ నడవలేదు. నడిచానేమో వాణ్ణే అడుగు."

"ఆ మాట ఏంటో తెలుసు," అంది పిచ్చుక. "రావద్దన్నాడు."

"రావద్దన్నాడు." అత్త తమ్ముడి వైపు తిరిగింది. "అంతవరకే అన్నావురా. గుర్తు తెచ్చుకో. ఇంకేమైనా అన్నావా?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అక్కా," అన్నాడు, "ఏమంటున్నావు నువ్వు?"

"నువ్వు మాట జాగ్రత్తగా వాడతావు. నేను జాగ్రత్తగా వింటాను. అంతే అంటున్నా."

"బతికుందా అత్తా?" అంది పిచ్చుక.

పొద్దుట్నుంచీ ఆమె అడగాలనుకున్నది అదే. మెట్లెక్కుతూ అనుకుంది, మెట్ల మీద కూర్చుని అనుకుంది, బస్సులో అనుకుంది.

అత్త అవునని అనలేదు, కాదని అనలేదు. కుట్టుమెషిన్ సొరుగు లాగింది. దారం చుట్టిన బాబిన్ల కింద నుంచి ఫోన్ తీసింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలితో జరుపుతూ, ఒక పేరు దగ్గర ఆగింది. నొక్కి, ఫోన్ పిచ్చుక చేతిలో పెట్టింది.

"నువ్వే అడుగు."

తెర మీద 'దారం షాపు' అని ఉంది.

ఆ పేరు పిచ్చుకకి తెలుసు. అత్త ఫోన్ కొన్న రోజు నంబర్లన్నీ ఎక్కించింది పిచ్చుకే. అప్పుడు ఆమె ఇంకా బడిలో చదువుతోంది. అత్త నోటితో చెప్తుంటే ఒక్కో అంకె నొక్కింది. ఇదెవరిది అని అడిగితే, దారం షాపు అని పెట్టు అంది అత్త. ఆదివారం సాయంత్రాలు అత్త డాబా ఎక్కి దారం షాపుతో మాట్లాడేది. అన్ని రంగులుంటాయా అక్కడ అని పిచ్చుక ఒకసారి అడిగింది. ఉంటాయి అంది అత్త.

నాన్న గుమ్మంలోంచి లోపలికి ఒక అడుగు వేశాడు.

ఫోన్ మోగుతోంది. పిచ్చుక స్పీకర్ నొక్కింది. అవతల ఎత్తారు. వెనక మెషిన్ల చప్పుడు వినబడింది, తలుపేసినట్టుగా ఆ చప్పుడు తగ్గింది.

"చెప్పండి వదినా," అంది ఒక ఆడగొంతు. "పిల్ల చదివిందా?"